ఒక్క అంకె చెరిగిపోతే?



హైదరాబాదు నుంచి పడమటి దిక్కుగా బీజాపూరు రోడ్డు పోతుంది. పాత మర్రిచెట్లకు పేరుపడ్డ రోడ్డు అది. ఆ దారిన వెళితే ముందు మొయినాబాద్ వస్తుంది. ఇంకా ముందుకు పోతే చేవెళ్ళ వస్తుంది. రెండూ రంగారెడ్డి జిల్లాలోవే. రెండూ కూరగాయలకూ, పూలకూ పేరున్న ఊళ్ళే.

ఈ రెండు ఊళ్ళ పిన్‌కోడు అంకెలను ఒకదాని కింద ఒకటి రాసి చూడండి.

చేవెళ్ళ – 501503
మొయినాబాద్ – 501504

చూశారా? ఐదు అంకెలు ఒకటే. ఆరో అంకె ఒక్కటే తేడా.

ఇప్పుడు ఒక సంగతి ఊహించుకుందాం. మొయినాబాద్‌లో ఒక కుర్రవాడి కళ్ళజోడు విరిగిపోయింది. బడిలో బల్ల మీది అక్షరాలు వాడికి అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. పది రోజుల్లో పరీక్షలు. నెల్లూరులో ఉన్న మేనమామ కొత్త కళ్ళజోడు చేయించి, అట్టపెట్టెలో భద్రంగా పెట్టి, పోస్టులో పంపాడు. పిన్‌కోడు రాస్తున్నాం కదా అని ఆయన ఊరి పేరు రాయలేదు. పిల్లవాడి పేరు, ఇంటి నంబరు, జిల్లా పేరు, ఆరు అంకెలు రాసి ఊరుకున్నాడు.

దారిలో వాన పట్టుకున్నది. ఒక్కటంటే ఒక్క చినుకు ఆరో అంకె మీద పడింది. అది 3 అయినా కావచ్చు, 4 అయినా కావచ్చు. పెట్టె చేవెళ్ళకు వెళ్ళింది. అక్కడి పోస్టుమాను ఆ పేరు గలవారి కోసం వెతికాడు. దొరకలేదు. “ఈ పేరు గలవారు ఇక్కడ లేరు” అని రాసి వెనక్కు పంపాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. కళ్ళజోడు తిరిగి నెల్లూరు చేరేసరికి ఇక్కడ పరీక్షలు మొదలయినాయి!

పార్సెలుకు కాళ్ళు ఉండవు. మనుషులే దాన్ని మోసుకుపోతారు. పార్సెలుకు నోరు కూడా ఉండదు. “అయ్యా, నేను పలానా వారి ఇంటికి పోవాలి” అని అది చెప్పలేదు. దాని మీద అంటించిన చీటీయే దాని నోరు. ఆ చీటీ చెరిగితే పార్సెలు మూగదై పోతుంది.

కాబట్టి ఈ నెల మనం చీటీని కాపాడే శాస్త్రం నేర్చుకుందాం. ఇందులో కొంచెం రసాయనశాస్త్రం ఉన్నది, కొంచెం లెక్కలు ఉన్నాయి, ఇంట్లో చేసి చూడదగ్గ ప్రయోగాలూ ఉన్నాయి.

ఆరు అంకెలు ఏం చెబుతాయి?

మన దేశంలో పిన్‌కోడు 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దాన్ని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్. ఆయన కేంద్ర ప్రభుత్వంలో కమ్యూనికేషన్ల శాఖలో పెద్ద ఉద్యోగి. సంస్కృతంలో కవి కూడాను.

ఈ అంకెలు ఎందుకు కావలసి వచ్చాయి? మన దేశంలో ఒకే పేరు గల ఊళ్ళు చాలా ఉన్నాయి. మన తెలుగు జిల్లాల్లోనే కొత్తపల్లులు ఎన్ని, రామాపురాలు ఎన్ని! అంత దూరం ఎందుకు? హైదరాబాదు నగరం నడిబొడ్డున ఒక హిమాయత్‌నగర్ ఉన్నది. మొయినాబాద్ దగ్గర ఇంకొక హిమాయత్‌నగర్ ఉన్నది. పైగా ఒకరు తెలుగులో రాస్తారు, ఒకరు ఉర్దూలో, ఒకరు ఇంగ్లీషులో. అంకెలయితే అందరికీ అర్థమవుతాయి.

501503 అనే సంఖ్యను విడదీసి చూద్దాం. మొదటి అంకె 5. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రాలు 5తో మొదలవుతాయి. మొదటి రెండు అంకెలు 50 అయితే తెలంగాణ అన్నమాట. మొదటి మూడు, అంటే 501, టపాను వేరుచేసే జిల్లాను చెబుతుంది. చివరి మూడు అంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. అంటే మొదటి అంకె పోతే పార్సెలు ఏ మూల రాష్ట్రానికయినా పోవచ్చు. చివరి అంకె పోతే పక్క ఊరికి పోతుంది. ఏది పోయినా నష్టమే.

చీటీకి నలుగురు శత్రువులు

పార్సెలు మన చేతి నుంచి బయలుదేరి సంచిలో పడుతుంది. వ్యాను ఎక్కుతుంది, రైలు ఎక్కుతుంది, మళ్ళీ వ్యాను ఎక్కుతుంది. చివరకు పోస్టుమాను సైకిలు మీదనో, మోటారు సైకిలు మీదనో ఇంటికి వస్తుంది. ఈ ప్రయాణంలో చీటీని నలుగురు శత్రువులు పట్టుకుంటారు.

మొదటిది నీరు. మనకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానకాలం. రెండోది వేడి, దానితోపాటు ఎండ వెలుగు. మే నెలలో ఎండలో నిలబెట్టిన వ్యాను లోపల ఎంత ఉడుకుతుందో మీకు తెలుసు. మూడోది రాపిడి. సంచిలో పార్సెళ్ళు ఒకదానితో ఒకటి రాసుకుంటూనే ఉంటాయి. నాలుగోది జిడ్డు. ఊరగాయ జాడీ కాస్త ఊరిందంటే చాలు, పక్కనున్న పార్సెలు చీటీ కూడా నూనె పీల్చుకుంటుంది.

అన్ని చీటీలూ అందరు శత్రువులకూ లొంగవు. ఏ చీటీ దేనికి లొంగుతుందో తెలిస్తే కాపాడటం సులువు.

పూర్వం ఏం చేసేవారు?

అట్టపెట్టెలు, అంటుకునే చీటీలు రాకముందు పార్సెలును గుడ్డలో కుట్టేవారు. కుట్టు విప్పకుండా లక్క కరిగించి ముద్ర వేసేవారు. చిరునామాను ఆ గుడ్డ మీదే రాసేవారు. గుడ్డ సిరాను పీల్చుకుంటుంది కాబట్టి పైపై రాపిడికి అక్షరం అంత త్వరగా పోదు. ఇప్పటికీ కొన్నిచోట్ల గుడ్డలో కుట్టే పార్సెళ్ళు కనిపిస్తాయి.

మన పెద్దలకు నీటికి చెరగని రంగులు కూడా తెలుసు. దీపపు మసితో చేసిన సిరా ఉండేది. మసి అంటే కర్బనం. ఎండకు అది వెలవదు. కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన సిరా ఉండేది. కరక్కాయలోని వగరు పదార్థమూ, అన్నభేదిలోని ఇనుమూ కలిసి గాలి తగిలేకొద్దీ నల్లబడి, కాగితపు పోగులను పట్టుకుంటాయి.

అన్నిటికన్నా గట్టిది బట్టలుతికే రజకుల గుర్తు. ఊరందరి బట్టలూ ఒకే రేవుకు పోతాయి. ఏ పంచె ఎవరిదో తెలియాలి కదా? అందుకని నల్లజీడి గింజ రసంతో బట్ట మూల చిన్న గుర్తు పెట్టి, సున్నం అద్దేవారు. ఆ గుర్తు ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అదీ ఒక చీటీయే! (ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలు ఎక్కుతాయి. మీరు మాత్రం దాని జోలికి పోవద్దు.)

మొదటి ప్రయోగం: నీటిచుక్క

ఒక తెల్ల కాగితం తీసుకోండి. దాని మీద మీ ఊరి పిన్‌కోడును నాలుగుసార్లు రాయండి. మొదటిసారి సిరా కలంతో, రెండోసారి బాల్‌పెన్నుతో, మూడోసారి పెన్సిలుతో రాయండి. నాలుగోసారి మళ్ళీ సిరా కలంతో రాసి, ఆరనిచ్చి, దాని మీద కొవ్వొత్తి మొనతో మెల్లగా రుద్దండి. ఇప్పుడు నాలుగింటి మీదా నీటిచుక్కలు వేసి, కొంచెంసేపు ఆగి, గుడ్డతో అద్దండి.

సిరా కలంతో రాసింది పాకిపోతుంది. ఆ సిరాలోని రంగు నీటిలో కరిగేది. బాల్‌పెన్ను రాత నిలుస్తుంది. అందులోని సిరా జిడ్డు స్వభావం గలది. నీటికీ జిడ్డుకూ పొసగదని మీకు తెలుసు. పెన్సిలు రాత కూడా నీటికి చెక్కుచెదరదు. పెన్సిలు ముల్లు గ్రాఫైటుతో చేస్తారు, అదీ కర్బనమే. కాని రబ్బరు పెట్టి రుద్దితే చెరిగినట్టే, సంచిలో రాపిడికీ చెరుగుతుంది. కొవ్వొత్తి రుద్దిన చోట నీటిచుక్క తామరాకు మీద బొట్టులాగా నిలబడుతుంది. మైనం నీటిని లోపలికి పోనివ్వదు. చేతిరాత చిరునామా మీద కొవ్వొత్తి రుద్దటం మంచి ఉపాయమే.

కాని ఈనాటి చీటీలు చాలా వరకు యంత్రాలు అచ్చువేసినవి. వాటి సంగతి వేరు.

మూడు రకాల అచ్చు

పైకి చూస్తే అచ్చు అక్షరాలన్నీ ఒకేలాగా నల్లగా ఉంటాయి. లోపలి గుణాలు వేరు.

మొదటి రకం ఇంక్‌జెట్ ప్రింటరు అచ్చు. ఆ యంత్రం కాగితం మీద సన్నని సిరా తుంపరలు చిమ్ముతుంది. చాలా ఇంక్‌జెట్ సిరాలు మన సిరా కలం బంధువులే. నీరు తగిలితే పాకుతాయి.

రెండో రకం లేజర్ ప్రింటరు అచ్చు. ఇందులో సిరా ఉండదు. మెత్తని ప్లాస్టిక్ పొడి ఉంటుంది. దానికి నలుపు కర్బనం వల్ల వస్తుంది. వేడి ఉరుళ్ళ మధ్య కాగితం దూరినప్పుడు ఆ పొడి కరిగి కాగితానికి అతుక్కుంటుంది. అందుచేత అక్షరం నీటికి పాకదు, ఎండకు అంతగా వెలవదు. కాని కాగితాన్ని మడిచినా, గట్టిగా గీకినా మడత దగ్గర పెచ్చు ఊడుతుంది.

మూడో రకం విచిత్రమైనది. దాని యంత్రంలో సిరా లేదు, పొడి లేదు! కొరియరువారి చీటీలు, దుకాణం రసీదులు, కండక్టరు యంత్రం నుంచి తీసి ఇచ్చే బస్సు టిక్కెట్లు చాలా వరకు ఈ రకమే. వీటిని థర్మల్ కాగితం అంటారు. రంగు కాగితంలోనే దాగి ఉంటుంది.

అదెట్లా? పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? ఎర్రని పారాణి అవుతుంది. పసుపు ఎరుపు కాదు, సున్నం ఎరుపు కాదు. రెండూ కలిస్తే ఎరుపు. థర్మల్ కాగితం మీద కూడా ఇట్లాగే రెండు పదార్థాల పూత ఉంటుంది. ఒకటి ఇంకా రంగు తేలని రంగు. రెండోది దాన్ని నల్లగా మార్చే ఆమ్ల పదార్థం. చల్లగా ఉన్నంతసేపూ రెండూ పక్కపక్కనే ఉంటాయి కాని కలవవు. యంత్రంలోని సన్నని వేడి మొనలు తాకిన చోట అవి కరిగి కలుస్తాయి. అక్కడ నలుపు పుడుతుంది.

రెండో ప్రయోగం: గోటి గీత

పాత బస్సు టిక్కెట్టు ఒకటి తీసుకోండి. నున్నగా ఉన్న వైపు గోటితో గట్టిగా, త్వరగా ఒక గీత గీయండి. నల్లని గీత కనబడుతుంది! రాపిడికి పుట్టిన వేడే అక్కడ సిరా అయింది. వేడివేడి టీ పోసిన స్టీలు గ్లాసును పెద్దవాళ్ళ చేత ఆ టిక్కెట్టు మీద పెట్టించి చూడండి. గ్లాసు అడుగు ఆకారం నల్లగా పడవచ్చు. ప్రయోగం అయినాక చేతులు కడుక్కోండి. కొన్ని థర్మల్ కాగితాల పూతలో ఒంటికి మంచివి కాని పదార్థాలు ఉంటాయి. టిక్కెట్టును నోట్లో పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళు ఈ రోజు నుంచే మానేయాలి.

ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. వేడితో పుట్టిన అక్షరానికి వేడే శత్రువు. చీటీ బాగా కాగితే తెల్లగా ఉండవలసిన చోట కూడా నల్లబడుతుంది. నల్ల కాగితం మీద నల్ల అక్షరాన్ని ఎవరు చదవగలరు? ఎక్కువ రోజులు ఎండ వెలుగులో ఉంటే అక్షరాలు వెలిసిపోతాయి. నూనె అంటితే పాలిపోతాయి. చేతులకు రాసుకునే సానిటైజరు చుక్క పడితే చాలా రకాల థర్మల్ కాగితాలు నల్లగా మారతాయి.

“అయితే పైన పారదర్శకమైన టేపు అంటిస్తే సరి!” అంటారా? ఆగండి. ఇంక్‌జెట్ చీటీకి, లేజర్ చీటీకి టేపు మంచి గొడుగే. థర్మల్ చీటీకి మాత్రం అదే ముప్పు కావచ్చు. కొన్ని టేపులను మెత్తగా ఉంచటానికి నూనె వంటి పదార్థాలు కలుపుతారు. అవి, టేపు జిగురు, మెల్లమెల్లగా చీటీలోకి దిగి నలుపును పాలిపోయేట్టు చేస్తాయి. వానకు గొడుగు పట్టబోయి ఆ గొడుగుతోనే చీటీని చెరిపినట్టు అవుతుంది. థర్మల్ చీటీ అంచులకే టేపు వేయాలి. లేదా పార్సెలు మొత్తాన్ని పలచని పాలిథిన్ సంచిలో పెట్టాలి.

నల్ల గీతల భాష

చీటీ మీద అక్షరాలే కాక నల్ల గీతల వరుస కూడా ఉంటుంది. అదే బార్‌కోడు. సన్న గీత, లావు గీత, నడుమ తెల్ల ఖాళీ. ఇవన్నీ కలిసి ఒక సంఖ్యను చెబుతాయి. దీన్ని కనిపెట్టినవారు అమెరికాకు చెందిన నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్. వుడ్‌లాండ్‌కు మోర్సు తంతి భాషలోని చుక్కలు, గీతలు తెలుసు. ఒకనాడు సముద్రపుటొడ్డున కూర్చుని ఆలోచిస్తూ, ఇసుకలో వేళ్ళు పెట్టి కిందికి లాగాడట. వేళ్ళ జాడలు సన్నవి, లావువి గీతలయినాయి. ఆలోచన తట్టింది! 1952 అక్టోబరు 7న వారిద్దరికీ పేటెంటు వచ్చింది.

బార్‌కోడు మీద యంత్రం వెలుగు వేస్తుంది. తెల్లని చోట వెలుగు తిరిగి వస్తుంది, నల్లని చోట రాదు. చాలా యంత్రాలలో ఆ వెలుగు ఎర్రగా ఉంటుంది. అందుకని బార్‌కోడును ఎర్ర గీతలతో వేయరు. ఎందుకో తెలియాలంటే మూడో ప్రయోగం చేయండి. తెల్ల కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఒక మాట, నల్ల పెన్సిలుతో ఒక మాట రాసి, వాటి మీద ఎర్రని జిలుగు కాగితం పెట్టి చూడండి. ఎర్ర మాట మాయమవుతుంది, నల్ల మాట నిలుస్తుంది. ఎర్ర వెలుగు గల యంత్రానికీ అంతే.

బార్‌కోడు గీతలు అంత పొడుగు ఎందుకు? సంఖ్య చెప్పటానికి అంత పొడుగు అక్కర్లేదు. పై నుంచి కింది దాకా అదే కబురును మళ్ళీ మళ్ళీ చెప్పటానికే ఆ పొడుగు. పై సగం చిరిగిపోయినా కింది సగం చదవవచ్చు. కాని నిలువుగా ఒక్క మడత పడి, ఒక గీత మాసిపోతే కథ కంచికి వెళ్ళినట్టే. అందుకే చీటీని పెట్టె అంచు మీదుగా వంచి అంటించకూడదు.

చదరంగా ఉండే క్యూఆర్ కోడు ఇంకొక మెట్టు పైకి వెళ్ళింది. జపానులో డెన్సో వేవ్ సంస్థలో మసాహిరో హారా, ఆయన సహచరులు దాన్ని 1994లో తయారుచేశారు. అందులో కబురుతోపాటు, కబురు చెడితే బాగుచేసుకునే లెక్క కూడా దాచి ఉంటుంది. గట్టి రకంలో నూటికి 30 పాళ్ళ వరకు చెడినా చదవవచ్చు.

కాపలా అంకె

స్పీడుపోస్టు రసీదు ఒకటి ఇంట్లో ఉంటే తీసి చూడండి. దాని మీద 13 గుర్తుల సంఖ్య ఉంటుంది. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తరువాత తొమ్మిది అంకెలు, చివర ‘ఐ’, ‘ఎన్’ అనే ఇంగ్లీషు అక్షరాలు. ఆ తొమ్మిది అంకెలలో మొదటి ఎనిమిదే అసలు సంఖ్య. తొమ్మిదోది కాపలా అంకె. అది ఎట్లా వస్తుందో చూడండి.

సంఖ్య 12345678 అనుకుందాం. ఈ ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించాలి.

8 + 12 + 12 + 8 + 15 + 30 + 63 + 56 = 204.

204ను 11తో భాగిస్తే శేషం 6. 11 నుంచి 6 తీసివేస్తే 5. అదే కాపలా అంకె. కాబట్టి పూర్తి సంఖ్య 123456785. (తీసివేతలో 10 వస్తే 0 అనీ, 11 వస్తే 5 అనీ రాస్తారు.)

ఇప్పుడు చీటీ మాసి, ఎవరో 3ను 8 అని చదివారనుకోండి. మొత్తం 224 అవుతుంది. 11తో భాగిస్తే శేషం 4. కాపలా అంకె 7 కావాలి. కాని చీటీ మీద 5 ఉన్నది. “ఇందులో ఏదో పొరపాటు ఉన్నది” అని యంత్రం వెంటనే పట్టేస్తుంది. ఒక అంకె తప్పినా, రెండు అంకెలు తారుమారు అయినా దాదాపు ప్రతిసారీ దొరికిపోతుంది.

మరి పిన్‌కోడులో కాపలా అంకె ఉన్నదా? లేదు! 501503 నిజమైన ఊరే, 501504 నిజమైన ఊరే. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే ఏ లెక్కా పట్టుకోలేదు. దానికి కాపలా మనమే పెట్టాలి. ఆ కాపలా ఊరి పేరు. ‘మొయినాబాద్’ అని పూర్తిగా రాసి పక్కన 501504 అని రాస్తే, అంకె మాసినా పేరు చెబుతుంది. పేరు మాసినా అంకె చెబుతుంది. రెండూ ఉండి, రెండూ పొసగకపోతే పోస్టాఫీసువారికి అనుమానం వస్తుంది. ఆగి చూస్తారు.

చూశారా! బార్‌కోడు పొడుగు గీతలు, క్యూఆర్ కోడులో దాచిన లెక్క, తొమ్మిదో అంకె, పేరు పక్కన పిన్‌కోడు – అన్నిటిలోనూ ఉన్న యుక్తి ఒక్కటే. ముఖ్యమైన మాటను ఒక్కచోట ఉంచి నమ్ముకోవద్దు. రెండోచోట కూడా ఉంచు.

ఇక పార్సెలు కట్టండి

1. మొదట ఒక చిన్న కాగితం మీద చేరవలసినవారి చిరునామా, పంపేవారి చిరునామా బాల్‌పెన్నుతో రాసి పెట్టె లోపల పెట్టండి. పైచీటీ పూర్తిగా ఊడిపోతే, ఇద్దరి జాడా తెలియని పార్సెలు తపాలావారి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు చేరుతుంది. అక్కడ అధికారం గల ఉద్యోగులు దాన్ని విప్పి చూస్తారు. లోపల కాగితం ఉంటే పార్సెలుకు మళ్ళీ నోరు వచ్చినట్టే.

2. పాత పెట్టె వాడితే పాత చీటీని, పాత బార్‌కోడును పీకేయండి. పీకటానికి రాకపోతే నల్లగా పూసేయండి. లేకపోతే యంత్రం పాత ఊరికే పంపుతుంది.

3. పెట్టెను పొడిగుడ్డతో తుడిచి, అన్నిటికన్నా వెడల్పయిన వైపున, చదునుగా, ముడతలు లేకుండా చీటీ అంటించండి. దుమ్ము మీద జిగురు నిలవదు.

4. పెట్టె మూత కలిసేచోట చీటీ అంటించవద్దు. మూత విప్పితే చీటీ చిరుగుతుంది.

5. చీటీ అంచు మీద గోటితో ఒక చిన్న గీత గీయండి. నల్లబడితే అది థర్మల్ కాగితం. అంచులకే టేపు వేయండి. నల్లబడకపోతే మొత్తం మీద పారదర్శకమైన టేపు వేయవచ్చు. బార్‌కోడు మీద ముడత మాత్రం పడనివ్వకండి.

6. థర్మల్ చీటీ మీద కొవ్వొత్తి రుద్దవద్దు. ఆ ఉపాయం చేతిరాతకే.

7. ఊరగాయలు, నెయ్యి, నూనె పంపితే ముందు లోపలి సీసాకు సంచి తొడగండి. చీటీకి జిడ్డు లోపలి నుంచి కూడా రాగలదు.

8. ఊరి పేరు, మండలం, జిల్లా, పిన్‌కోడు – అన్నీ రాయండి. 3, 4 వంటి అంకెలు విడివిడిగా, పెద్దవిగా రాయండి. అందుకోవలసినవారి ఫోను నంబరు కూడా రాస్తే ఇంకా మంచిది.

9. రసీదును జాగ్రత్త చేయండి. అది కూడా థర్మల్ కాగితం కావచ్చు! దాని మీది 13 గుర్తులనూ నోటుపుస్తకంలో ఎక్కించుకోండి. ఇక్కడ కూడా మన యుక్తి అదే.

ఆ నెల్లూరు మేనమామ ‘మొయినాబాద్’ అని ఒక్క మాట రాసి ఉంటే, చినుకు పడినా కళ్ళజోడు నేరుగా వెళ్ళేది. కుర్రవాడు పరీక్షనాడు ప్రశ్నపత్రం చదువుకునేవాడు. ఒక్క మాటే అయినా ఎంత పని చేస్తుందో చూడండి.

చేవెళ్ళ, మొయినాబాద్ పిల్లలు తమ పొరుగూరి పిన్‌కోడు ఎట్లాగూ తెలుసుకున్నారు. మిగిలిన ఊళ్ళవాళ్ళు మీ ఊరికి ఒక్క అంకె తేడాగా ఉన్న పిన్‌కోడు ఏ ఊరిదో మీ పోస్టాఫీసులో అడిగి తెలుసుకోండి. మీ పార్సెలు తప్పిపోతే ఎక్కడ వెతకాలో మీకు ముందే తెలిసి ఉంటుంది!

ఈ నెల లెక్క: ఎనిమిది అంకెల సంఖ్య 50150350. దీని కాపలా అంకె ఎంత? జవాబు చూడకుండా చేయండి.

(జవాబు: మొత్తం 114. 11తో భాగిస్తే శేషం 4. కాపలా అంకె 7.)